సకీనా ఆపా, మా చౌక కెమెరా

మా పాప ఎడమ కన్ను పోతుందేమోనని భయం. ఆ సంగతి దేవుడికి కూడా చెప్పుకోలేదు. చెప్పుకుంటే, మరిచిపోయిన పనిని ఆయనకు గుర్తు చేసినట్టవుతుందని ఇంకో భయం.

ఎనభై ఏడో సంవత్సరం, జూన్ నెల. పాపకు అప్పుడు పది నెలలు. పేరు బాలమణి, మా ఆయన నాయనమ్మ పేరు. మా ఆయన మాణిక్‌రావు ఇక్కడ జహీరాబాద్‌లో చిన్న లారీల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఏదో పని మీద హైదరాబాద్ వెళ్లి, అక్కడ దొరికిన వాటిలోకెల్లా చౌకైన కెమెరా ఒకటి పట్టుకొచ్చారు. సబ్బుపెట్టె అంత నల్ల ప్లాస్టిక్ డబ్బా, ఒక మూల చిన్న ఫ్లాష్. దూరం సరిచూసుకునే పని లేదు, వెలుతురు లెక్క లేదు, నొక్కడమే. మొదటి రీలు నేనే నొక్కాను. దాన్ని బస్‌స్టాండ్ వెనక సందులో ఉన్న జలాల్ సాబ్ స్టూడియోలో ఇచ్చాం. రంగుల రీళ్లు మా ఊళ్లో కడిగేవారు కాదు. జలాల్ సాబ్ వాటిని కవర్లో పెట్టి హైదరాబాద్ బస్సులో పంపితే, వారానికో పది రోజులకో ఫోటోలై తిరిగొచ్చేవి.

వచ్చిన ఫోటోల్లో ఒకదానిలో పాప మంచం మీద కూర్చుని ఉంది. తలకు కుల్లా. కుడి కన్ను కుల్లా అంచు నీడలో పడి కనిపించడం లేదు. ఎడమ కన్ను మాత్రం బాగా కనిపిస్తోంది, దాని నల్లగుడ్డు సరిగ్గా నడిమధ్యన తెల్లటి చుక్క ఉంది.

అందరూ ఆ ఫోటో చూసి ఎంత ముద్దుగా ఉందో అన్నారు. నేనూ అన్నాను. కానీ అంతకు రెండు నెలల ముందు ఒక వారపత్రికలో డాక్టరు రాసిన వ్యాసం చదివి ఉన్నాను. ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో పిల్లల కంటిపాప ఎర్రగా కాకుండా తెల్లగా పడితే కంటి లోపల గడ్డ ఉండవచ్చు, ఆలస్యం చేయకుండా చూపించండి అని అందులో ఉంది. ఆలస్యం చేయకుండా అన్న మాట గుర్తు రాగానే నేను చేసిన మొదటి పని ఆలస్యం.

నేను మామూలు మనిషినైతే మర్నాడే పాపను ఎత్తుకుని దవాఖానకు పరిగెత్తేదాన్ని. దురదృష్టం కొద్దీ నాకు ఫిజిక్సులో డిగ్రీ ఉంది. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెబుతాను. కటకాల పాఠం నాలాగా ఎవరూ చెప్పలేరని హెడ్‌మిస్ట్రెస్ ఒకసారి అన్నారు కూడా. అందుకని కూర్చుని శాస్త్రీయంగా ఆలోచించాను. చుక్క రావడానికి రెండే కారణాలు. ఒకటి, కన్ను చెడ్డది. రెండు, కెమెరా చెడ్డది. కెమెరా చెడ్డదని తేల్చగలిగితే కన్ను మంచిదని తేలినట్టే. కొన్న వస్తువు నాసిరకం కావాలని దండం పెట్టుకున్న మనిషి జహీరాబాద్‌లో నాకు ముందు ఉండి ఉండరు.

ఫోటోను అంచులు పట్టుకుని, భూతద్దం కింద పెట్టి చూశాను. చుక్క చక్కగా గుండ్రంగా ఉంది. అంత గుండ్రంగా ఉన్నది కంటిపాప తప్ప ఇంకేమవుతుందని చెమటలు పట్టాయి. దాన్ని టెన్త్ క్లాసు ఫిజిక్సు పుస్తకంలో దాచి, పుస్తకం సందూకలో పెట్టి తాళం వేశాను. మర్నాటి నుంచి పరీక్షలు మొదలయ్యాయి.

మొదట పేపరు. గోడకు దినపత్రిక అంటించి, మూడడుగుల నుంచి ఒకటి, నాలుగడుగుల నుంచి ఒకటి, ఆరడుగుల నుంచి ఒకటి తీశాను. స్కేలు పట్టుకుని నేల మీద సుద్దగీతలు గీస్తుంటే మా ఆయన వచ్చారు.

“పేపరు చదవనీకె తెస్తరే. ఫోటో తీయనీకె తేరు.”

“కెమెరా ఎట్లుందో చూస్తున్న.”

“మంచిగనే ఉంది. తెచ్చింది నేను గద.”

“అందుకే చూస్తున్న.”

ఆయన సుద్దగీతలు దాటుకుంటూ స్నానానికి వెళ్లిపోయారు.

తర్వాత స్టీలు గిలాసలు. తర్వాత గళ్ల దుప్పటి, గీతలు వంగుతున్నాయా అని. తర్వాత గాజు కళ్ల బొమ్మ. తర్వాత మా ఆయన, ఎదురుగా ఒకసారి, పక్క నుంచి ఒకసారి. ఆ పైన, ఒక సాయంత్రం పొద్దు గూకుతుండగా, మా అత్తమ్మ బర్రె.

“పిల్లను తియ్యక బర్రెను తీస్తున్నవేందే పిల్లా?” అంది అత్తమ్మ, పాలచెంబు పట్టుకుని నిలబడి.

“బర్రె కదలకుండ నిలవడ్తది అత్తమ్మా.”

“మీ మామ ఉన్నన్ని దినాలు ఆయనది ఒక్క ఫోటో లేకపాయె. బర్రె నసీబు మంచిగుంది.”

పాపను మాత్రం తీయలేదు. ఆ ఒక్క పరీక్షే పనికొచ్చేదని నాకు తెలుసు, అందుకే చేయలేదు. పాపను కిటికీ దగ్గర ఎండలో పెట్టి కంట్లోకి రోజుకు పదిసార్లు చూసేదాన్ని. నల్లగా, నిండుగా, అందరి పిల్లల కన్నులాగే ఉండేది. ఒక నిమిషం ప్రాణం లేచి వచ్చేది. కానీ ఫ్లాష్ వేస్తేనే తెలుస్తుందని పత్రికలో రాశారు కదా, ఎండలో తెలియకపోవడమే దాని లక్షణమేమో అని మళ్లీ కూలబడేదాన్ని. పాప నా ముక్కు పట్టుకుని గుంజి నవ్వేది. గురిచూసి గుంజిందా, తడుముకుని గుంజిందా అని దాని మీద ఇంకో గంట ఆలోచన.

రీలు వెళ్లి వచ్చింది. ఫలితాలు నోటుపుస్తకంలో రాసుకున్నాను. పేపరు నడుమ అక్షరాలు స్పష్టం, మూలల్లో అలుక్కుపోయాయి. దుప్పటి గీతలు అంచుల దగ్గర కొంచెం పొట్ట పెట్టాయి. పచ్చరంగు ఒక పాలు ఎక్కువ. గిలాసల మీద ఫ్లాష్ పడి తెల్లటి మరక, కానీ అది ఎక్కడ పడాలో అక్కడే పడింది. మా ఆయన కళ్లు రెండూ ఎర్రగా వచ్చాయి, పత్రికలో రాసినట్టే. బొమ్మ కళ్లలో ఏమీ లేదు. బర్రె కళ్లు రెండూ తెల్లగా, బస్సు హెడ్‌లైట్లలా వెలిగాయి.

ఆ బర్రె ఫోటో పట్టుకుని నేను వంటింట్లో ఎగిరినంత పని చేశాను. దొరికింది, కెమెరా తప్పే! ఐదు నిమిషాల తర్వాత స్కూల్లో నేనే చెప్పే జీవశాస్త్రం గుర్తొచ్చింది. పశువుల కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది, చీకట్లో వెలుగు పడితే ఎవరి బర్రె కళ్లైనా మెరుస్తాయి. ఎంత వెతికినా ఆ దిక్కుమాలిన కెమెరాలో చెప్పుకోదగిన తప్పు దొరకలేదు. దాని స్థాయికి అది బాగానే పనిచేస్తోంది. నేను ఇంకో రీలు కొన్నాను.

ఆ రెండో పరీక్ష రీలు ఫోటోలు తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు జలాల్ సాబ్ కవరు ఇవ్వకుండా నా వైపు అదోలా చూశాడు.

“మేడమ్, ఈ రీలు మీదేనా? ల్యాబోల్లు ఎవరిదో మార్చి పంపిన్రనుకున్న. అన్నీ గోడలు, గిలాసలు, పేపర్లు. సర్వే ఆఫీసు నుంచి ఏమన్న పని ఒప్పుకున్నరా?”

అంతలో వెనక పరదా అవతలి నుంచి గొంతు వినిపించింది.

“టీచరమ్మను లోపటికి పంపుండ్రి.”

ఆ గొంతు సకీనా ఆపాది. జలాల్ సాబ్ భార్య, ఊరందరికీ ఆపా, అంటే అక్క. మా ఊళ్లో ఆమెను చూడని మగవాళ్లు చాలామంది ఉన్నారు, ఆమె చేతి మీదుగా పోని ముఖం మాత్రం తక్కువ.

ఆమె పుట్టిల్లు బీదర్. పదహారేళ్లప్పుడు పెళ్లై వచ్చింది. ఇంట్లో ఉర్దూ, పుట్టింటివాళ్లతో కన్నడం, గిరాకీలతో తెలుగు. మూడు భాషల్లో మాట్లాడుతుంది, ఒక్కదానిలోనూ చదవలేదు. పరదాలో ఉండే ఆడవాళ్లు జలాల్ సాబ్ ముందు ముసుగు తీసి కూర్చోరు. వాళ్ల గిరాకీ పోతోందని ఆయన బాధపడుతుంటే, అది తిప్పుడెట్ల, ఇది నొక్కుడెట్ల అని అడిగి నేర్చుకుని, ఆమె లోపలి గదిలో తీయడం మొదలుపెట్టింది. గల్ఫుకు భర్తల దగ్గరికి వెళ్లేవాళ్లు, హజ్‌కు వెళ్లే ముసలమ్మలు, మొగుడంపల్లి నుంచి, రాయికోడ్ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు అందరూ ఆ గదిలోనే కూర్చున్నారు.

తీయడం కంటే టచింగ్‌లో, అంటే తీసిన ఫోటోకు మెరుగులు దిద్దడంలో, ఆమెది అందెవేసిన చేయి. డెబ్బైల్లో పెళ్లిచూపుల ఫోటోలు ఎక్కువగా ఆమె దగ్గరికే వచ్చేవి. అమ్మవారు పోసిన మచ్చలున్న పిల్లలు అప్పుడు ఇంటికొకరు. సన్నటి పెన్సిలు చెక్కుకుని, నెగటివ్ మీద ఒక్కొక్క మచ్చనూ పూడ్చేది. ఒకసారి మగపెళ్లివారు వచ్చి, ఫోటోలో లేని మచ్చలు పిల్ల ముఖం మీద ఉన్నాయని జలాల్ సాబ్ మీద గొడవపడ్డారట. పరదా వెనక నుంచి ఈమె, “మీ పిల్లగానివి గూడ నేనే పూడ్చిన. ఆయన నెగటివ్ తీస్కరమ్మంటరా, పక్కపక్కన పెట్టి చూద్దురు,” అందట. పెళ్లి జరిగిపోయింది.

ఫోటో బాగుందా లేదా అని చూడటానికి ఆమెకు ఒక పద్ధతి ఉండేది. నల్లకాగితం ముక్క, నడుమ సన్నటి చీలిక. దాన్ని ఫోటో మీద పెట్టి, కళ్లు మాత్రమే కనిపించేలా జరిపి చూసేది. తక్కిన ఫోటో ఎంత బాగున్నా, ఆ చీలికలో బాగుండకపోతే బాగుండనట్టే. నా నోటుపుస్తకంలో అంచులు, గీతలు, రంగులు ఇన్ని పట్టికలు వేశాను కదా, ఆమె పరీక్షకు అర నిమిషం పట్టేది.

ఆ రోజు లోపలికి వెళ్లేసరికి ఆమె కిటికీ కింద చాప మీద కూర్చుని నా ఫోటోలే చూస్తోంది.

“రెండు రీళ్లు చూసిన టీచరమ్మా. బర్రె ఉంది, మీ ఆయన ఉన్నడు, గిలాసలున్నయ్. ఇంట్ల ఏడాది నిండని బిడ్డను పెట్టుకొని దానిది ఒక్కటి గూడ తియ్యలే. గట్ల ఏ తల్లీ చెయ్యది. ఏమైంది?”

నెల రోజులు మొగుడికి, అత్తకు, తోటి టీచర్లకు శాస్త్రీయంగా జవాబులు చెప్పిన దాన్ని, ఆ ఒక్క ప్రశ్నకు చాప మీద కూలబడి ఏడ్చాను. పత్రిక సంగతి, తెల్లచుక్క సంగతి, కెమెరా చెడ్డదని తేల్చాలని చేసినవన్నీ చెప్పేశాను. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు. బర్రె దగ్గర కూడా నవ్వలేదు.

“ఫోటో యాడుంది?”

సంచిలోనే ఉంది. ఆ మధ్య సందూకలో పెట్టినా నిద్ర పట్టక, ఫిజిక్సు పుస్తకంతో సహా వెంట తిప్పుకుంటున్నాను. అంచులు పట్టుకుని జాగ్రత్తగా తీసి ఇచ్చాను. ఆమె నల్లకాగితం పెట్టి చూసింది. దూరం పెట్టి చూసింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసింది.

తర్వాత ఒక దూదిముక్క తీసి, కూజా నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, మా పాప ఎడమ కన్ను మీద ఒక్కసారి అద్దింది.

చుక్క పోయింది. దూది మీదికి వచ్చేసింది.

నేను దూది వంక చూశాను. ఫోటో వంక చూశాను. అక్కడ మామూలు నల్ల కన్ను, కొంచెం కిందికి చూస్తూ ఉంది.

“నేనే పెట్టిన,” అంది సకీనా ఆపా. “తెల్లరంగు. కుంచెతోని.”

తర్వాత మెల్లగా చెప్పింది. పెళ్లైన కొత్తలో ఒక ఇంటివాళ్లు చనిపోయిన మనిషి ఫోటో తీయించుకున్నారట. ఆ మనిషి బతికుండగా తీసినది ఒక్కటీ లేదు. మూసిన కళ్ల మీద తెరిచిన కళ్లు గీయమని జలాల్ సాబ్ ఈమెకే ఇచ్చాడు. గీసింది. ఎంత గీసినా శవం కళ్లలాగే ఉన్నాయి. చివరికి ఒక్కో కంట్లో సూదిమొన అంత తెలుపు పెడితే మనిషి చూసినట్టయింది. ఆ ఇంటి ముసలమ్మ ఫోటోను గుండెకు హత్తుకుని పోయింది. అప్పటి నుంచి, వెలుగు లేని కళ్లతో ఉన్న ఫోటో ఏదైనా, ముఖ్యంగా పిల్లలది, ఆ చుక్క పెట్టకుండా ఆమె గడప దాటనివ్వలేదు. ఎవరూ అడగరు. ఎవరికీ చెప్పదు. అందరూ మా పిల్ల కళ్లు ఎంత మెరుస్తున్నాయో అనుకుంటూ వెళ్తారు.

“నీ బిడ్డ కన్ను నల్లగ బొగ్గు లెక్క పడ్డది. మనసొప్పలే. పెట్టిన.”

నెగటివ్ మా ఇంట్లోనే, ఫోటోలొచ్చిన కవర్లోనే ఉంది. దాన్ని కిటికీకి పట్టి చూసి ఉంటే చుక్క అందులో లేదని ఐదో నిమిషంలో తేలిపోయేది. ఫోటో మీద వేలు పెట్టకూడదని కాలేజీ ల్యాబులో నేర్పారు కాబట్టి వేలు పెట్టలేదు. పెట్టి ఉంటే ఆ చుక్క చెమట వేలికే అంటుకుని వచ్చేసేది. చెమటకైతే ఆ నెల కొదువ లేదు. మా ఊళ్లో డిగ్రీ చదవని వాళ్లెవరికైనా ఈ ముప్పై రోజులూ మిగిలేవి.

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆపా నవ్వలేదు. ఆ ఫోటోనే చూస్తోంది.

“నేను చుక్క నడుమల పెట్టను బిడ్డా. పక్కకు పెడ్త, జర పైకి, వెలుతురు వచ్చే దిక్కు. గింత పెద్దగ గూడ పెట్టను. ఇది పప్పుగింజంత ఉంది. నాకు కానరాలే.” దూదిని మడిచి చేతిలోనే పట్టుకుంది. “కన్ను చెడ్డది నీ బిడ్డది కాదు. నాది.”

ఆమె తేరుకుని నన్నే గదమాయించింది.

“మరి గట్లనే ఇంటికి పోకు. ఈ ఫోటోల ఏం లేదు అంటే ఏం లేనట్టు కాదు. పత్రికల రాసిన్రంటివి. దవాఖానకు తోల్కపో. నేను చుక్కలు పెట్టేదాన్ని, డాక్టర్ను కాదు.”

“మీరు గూడ రావాలె ఆపా.”

“నాకెందుకు? నాకు తెలిసిపాయె గద.”

“నాకు గూడ తెలిసిపాయె. అయినా పొమ్మంటున్నరు గద.”

పరదా అవతలి నుంచి జలాల్ సాబ్, “పో పో. నేను రెండేండ్ల సంది చెప్తున్న, టీచరమ్మ మాటనన్న విను,” అన్నాడు. ఆమె పరదా వైపు చూసి, “మీరు చెప్పిన్రు గద, అందుకే వినలే,” అంది.

ఆ శనివారం పాపను ఎత్తుకుని ఇద్దరం హైదరాబాద్ బస్సెక్కాం. కంటి దవాఖానలో పాపకు చుక్కల మందు వేసి, లైటు పెట్టి, నలుగురు పట్టుకుంటే పెద్ద డాక్టరమ్మ రెండు కళ్లూ వెనకదాకా చూసింది. పాప ఏడుపుకు దవాఖానంతా కదిలింది. నాకు ఆ ఏడుపు వినిపించలేదు, డాక్టరమ్మ పెదాలే చూస్తున్నాను. “రెండు కళ్లూ బాగున్నాయి,” అంది. మళ్లీ అడిగాను. మళ్లీ చెప్పింది. మూడోసారి అడగబోతే సకీనా ఆపా నా చేయి గిల్లింది. ఆపాకు రెండు కళ్లలోనూ మోతియా, అంటే శుక్లాలు, అని తేలింది, కుడికంట్లో బాగా ముదిరిందన్నారు. దసరా దాటాక ఆపరేషన్ చేశారు.

ఇప్పుడు ఆపా గాజుపెంకుల్లాంటి మందపాటి కళ్లద్దాలు పెట్టుకుంటుంది. టచింగ్ తగ్గించేసింది. ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఆమె మా ఇంటికి వచ్చిన రోజు, పాపను ఆమె పక్కన కూర్చోబెట్టి, ఆ పరీక్షల తర్వాత తొలిసారి కెమెరా తీశాను. నిలబడి, రెండు చేతులతో పట్టుకుని, దూరం సరిగ్గా నాలుగడుగులు ఉందా అని అంచనా వేసుకుంటున్నాను.

“ఆగు,” అంది ఆపా. “గిదేనా నువ్వు తీసేది? అందుకే బొగ్గు లెక్క పడ్డయ్ కండ్లు. కెమెరాను నెల దినాలు సతాయించినవ్, దానిదేం లేదు. నిలవడి బిడ్డను తియ్యకు. కింద కూసో, దాని మొకానికి నీ మొకం సమంగ పెట్టు. దాన్ని దర్వాజ దిక్కు తిప్పు. బిడ్డ కండ్లల్ల నీకు దర్వాజ కానొచ్చినంక నొక్కు. కానరాకుంటె నొక్కకు. రీలు యాడికి పోదు.”

అప్పటి నుంచి నేను అలాగే చేస్తున్నాను. నేల మీద కూర్చుని, మోకాళ్లు నొప్పి పుట్టేదాకా పాప కళ్లలో మా వాకిలి కోసం చూస్తాను. కనిపించేసరికి పాప సగంసార్లు లేచి పరిగెత్తుతుంది. ఒక్క రీలు ఆరు నెలలు వస్తోంది.